రెజీనమ్మ దగ్గర టిక్కు చెల్లదు

మా కావలిలో పెళ్లి సంబంధాలు చూసిపెట్టేవాళ్లకు కొదవేం లేదు. సంబంధం కోసం వచ్చినవాళ్లను తిట్టి పంపేది మాత్రం రెజీనమ్మ ఒక్కతే. ఆ తిట్లు నా షాపులోకి శుభ్రంగా వినబడతాయి, ఎందుకంటే మా రెండు గదులకూ మధ్య ఉన్నది ఒకటే గోడ, అదీ సగం చెక్కది. నేను శుభలేఖలు అచ్చు వేస్తాను. పేరు వనజాక్షి. ఆమె సంబంధం కుదిరిస్తే నేను కార్డు కొడతాను కాబట్టి మేమిద్దరం చేతులు కలుపుకున్నామని జనం అనుకుంటారు. వాళ్ల మొహం. ఆమె వల్ల నాకు వచ్చిన గిరాకీ కంటే పోయిన గిరాకీయే ఎక్కువ. అయినా ఆ గోడ పక్క నుంచి లేచిపోవాలని నాకు ఏనాడూ అనిపించలేదు.

రెజీనమ్మ ఉద్యోగమంతా మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా గడిచింది. గూడూరు నుంచి ఒంగోలు దాకా ఎక్కడికి పోయినా ఆమె చేత చీవాట్లు తిన్న ఆడవాళ్లు కనబడతారు, కనబడగానే కాళ్లు దగ్గర పెట్టుకుని నిలబడతారు. ఆమె మాత్రం పెళ్లి చేసుకోలేదు. పెళ్లి చేసుకోనిదానివి పెళ్లిళ్లు ఎట్లా చేస్తావమ్మా అని ఎకసెక్కం ఆడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. "నన్ను అడిగినోళ్లు ఉండారు. నేను ఒప్పుకోలా. ఒప్పుకోకపోతే ఏమవుద్దో నాకు తెలుసు, అందుకే ఈ పనికి నేనే సరి" అంటుంది. అడిగినవాళ్లు మళ్లీ అడగరు.

హాస్టల్లో సాయంత్రం హాజరు పిలిచేటప్పుడు ఆమెకొక పట్టుదల ఉండేదట. పేరు పిలిస్తే ఆ పిల్లే పలకాలి. పక్క పిల్ల "ఉందమ్మా" అంటే కుదరదు. చెయ్యెత్తినా కుదరదు. జ్వరంతో మంచం మీద ఉంటే ఈమే ఆ మంచం దాకా పోయి, పలికించుకుని వచ్చేదట. ఇదంతా ఆమె దగ్గర చదువుకున్న ఒకావిడ తన కూతురి కార్డు కోసం వచ్చినప్పుడు నాకు నవ్వుతూ చెప్పింది. నవ్వుతూనే, ఆ గొంతు గోడ అవతల నుంచి వినబడేసరికి లేచి నిలబడింది కూడా.

రిటైరయ్యాక పాత విద్యార్థులే వచ్చి మా పిల్లకు చూడమ్మా, మా పిల్లవాడికి చూడమ్మా అని ఆమె వెంటపడ్డారు. కొన్నాళ్లు హ్యాండ్‌బ్యాగులో ఫొటోలు వేసుకుని తిరిగింది. తర్వాత అందరూ ఫోన్లలోనే చూస్తున్నారని తెలుసుకుని, చర్చి వాళ్ల కాంప్లెక్సులో నా పక్క గది అద్దెకు తీసుకుని, వెబ్‌సైటు పెట్టింది. పేరు 'కానా పందిరి'. ఏసుప్రభువు వెళ్లిన పెళ్లి కానా అనే ఊళ్లో జరిగిందట, అందుకని. బోర్డు పెట్టిన కొత్తలో ఇదేదో భోజనాల కాంట్రాక్టు అనుకుని ఒకాయన లోపలికొచ్చి బిర్యానీ ఎంతమందికి పెట్టగలరని అడిగాడు. రెజీనమ్మ ఆయన్ను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మీ అబ్బాయికి పెళ్లయిందా అని అడిగింది. ఆ ఇంటి కార్డులు తర్వాత నేనే కొట్టాను.

సైటు తయారు చేసింది పెంచలప్రసాద్. మా ట్రంకు రోడ్డులో కంప్యూటర్లు బాగుచేస్తాడు, అడిగినవాళ్లకు సైట్లు కూడా కట్టిపెడతాడు. మంచివాడే, కానీ పని తొందర. కానా పందిరిలో పేరు నమోదు చేసుకోవాలంటే వివరాలు రాసి, ఫొటో పెట్టి, చివర్న 'పై షరతులను చదివి, అర్థం చేసుకుని, అంగీకరిస్తున్నాను' అనే చోట చిన్న గడిలో టిక్కు పెట్టాలి. అన్ని సైట్లలోనూ ఉండేదే. నేనూ పెడతాను, మీరూ పెడతారు. ఆ పైన ఏముందో చూసిన పాపాన ఎవడూ పోడు.

రెజీనమ్మ చూసింది. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక తీరిగ్గా కళ్లజోడు పెట్టుకుని, తన సైటు షరతులు తనే పైకి చదవడం మొదలుపెట్టింది. గోడ ఇవతల నేను వింటున్నాను. "ప్రయాణికులు బస్సు బయలుదేరడానికి పావుగంట ముందే చేరుకోవలెను. లగేజీ పోయినచో సంస్థ బాధ్యత వహించదు." చదవడం ఆగిపోయింది. కాసేపటికి "వనజా, ఇట్రా" అని పిలిచింది. పోయి చూస్తే నిజంగానే ఉంది. బస్సు బయలుదేరిన తర్వాత డబ్బు వాపసు ఇవ్వబడదు అని కూడా ఉంది. నేను పడీపడీ నవ్వాను.

పెంచలప్రసాద్‌ను పిలిపించింది. వాడు తల గోక్కుంటూ వచ్చాడు. "బస్సు టికెట్ల సైటొకటి చేసినా గదక్కా, దానికి రాసిందే ఈడ గూడా పెట్టేసినా. తర్వాత మారుద్దామని మర్చిపోయినా. అయినా అదెవురు చదవతారక్కా?"

"ఎవురూ చదవలేదనే గదరా నా బాధ" అంది. "ఇంతమంది తల్లిదండ్రులు, సంఘ పెద్దలు, మా పాస్టరు అయ్యగారు గూడా తమ్ముడి కొడుకు కోసం టిక్కు కొట్టినాడు. చదివి, అర్థం చేసుకుని! బిడ్డల పెళ్లికి లగేజీ మా బాధ్యత కాదంటే సరేననేసినారు!"

ఆ మధ్యాహ్నం నాతో పాటు ఆమె కూడా నవ్వింది. మర్నాడు మాత్రం నవ్వలేదు. ఎందుకో అనుమానం వచ్చి, నమోదైన అమ్మాయిలకు తనే స్వయంగా ఫోన్లు చేయడం మొదలుపెట్టింది. చాలామందికి టిక్కు పెట్టింది తండ్రో అన్నో. ఒకమ్మాయి తరఫున వేరే ఊళ్లో ఉన్న మేనమామ పెట్టాడు. ఒక పిల్లకైతే తన ఫొటో పెళ్లిళ్ల సైటులో ఉన్న సంగతే తెలియదు. "నా ఫొటోనా? ఎవురెవురు చూసినారమ్మా?" అని ఫోన్లో ఏడ్చింది. రెజీనమ్మ ఆ ఫోను పెట్టేసి నా షాపులోకి వచ్చింది. "ఇంతకాలం నేను నడిపింది సైటు కాదు వనజా, దొంగ హాజరు పట్టీ" అంది. ఆమెకు నిజంగా కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది. ఆ తర్వాత రోజంతా గోడ అవతల నుంచి నాకేమీ వినబడలేదు.

మర్నాడు పెంచలప్రసాద్‌ను కూర్చోబెట్టి ఆ టిక్కు పెట్టే గడిని తీయించేసింది. తన షరతులు తనే రాసుకుంది, నాలుగే నాలుగు మాటలు. ఈ వివరాలు నావే, నాకు తెలిసే పెట్టారు. ఇక్కడ చూసిన ఇంకొకరి ఫొటో నేను ఎవరికీ పంపను. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. నాకు వద్దనిపించిన రోజు వద్దని చెబుతాను, కారణం చెప్పను. పెళ్లి చేసుకోబోయేవాళ్లు ఫోన్ చేసి ఈ నాలుగూ నోటితో చదివి, చివర్న 'ఒప్పుకుంటున్నాను' అనాలి. అప్పటిదాకా పేజీ ఎవరికీ కనబడదు.

"జనం పారిపోతారక్కా" అన్నాడు పెంచలప్రసాద్. "ఒక నొక్కు ఎక్కువైతేనే ఇంకో సైటుకు పోతారు. నువ్వు ఫోన్ జేసి అప్పజెప్పమంటుండావే!"

"పోనీ. పోయినోళ్లను నేను పట్టుకోను."

"పోనీ ఆ మాటన్నా 'అంగీకరిస్తున్నాను' అని ఉంచుదాము. పద్ధతిగా ఉంటుంది."

"మీ ఇంట్లో ఎవురన్నా అంగీకరిస్తార్రా? నీ పెళ్లాం సినిమాకు పోదామంటే నువ్వు అంగీకరిస్తావా, ఒప్పుకుంటావా?"

వాడు దాన్ని 'ఒప్పుకుంటున్నాను' అని మార్చేశాడు. అయితే ఆ మాటతో కొత్త చిక్కొచ్చి పడింది. సంఘంలో క్రీస్తురాజు గారని రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు, ఆయన కొడుక్కి సంబంధం చూస్తున్నారు. ఆయన మండిపడుతూ వచ్చాడు. "ఒప్పుకునేది పాపాలమ్మా! ఆదివారం చర్చిలో చెప్పే మాట అది. మావోడు ఏం తప్పు జేసినాడని నీకు ఫోన్ జేసి ఒప్పుకోవాల? పోలీస్ స్టేషనా ఇది?" నిజమే, మన భాషలో తప్పు ఒప్పుకోవడానికీ మాట ఒప్పుకోవడానికీ ఒకటే మాట. రెజీనమ్మ తొణకలేదు. "తప్పు ఒప్పుకునేదానికి నోరు తెరుస్తారు గదా, మాట ఒప్పుకునేదానికి తెరిస్తే ఏం పోయింది?" అంది. ఆయన కాసేపు గొణిగి వెళ్లిపోయాడు. రెండు రోజుల తర్వాత కొడుకే ఫోన్ చేసి చదివాడు, నత్తి నత్తిగా, కానీ మొత్తం చదివాడు.

ఆ ఫోన్లు వింటుంటే నాకు పొద్దు తెలిసేది కాదు. ఒకడు బస్సులో నిలబడి చదివేవాడు, మధ్యలో కండక్టరు అరుపులు. ఒకమ్మాయి ఎంత గబగబా చదివిందంటే రెజీనమ్మ మళ్లీ చదివించింది, మళ్లీ చదువుతూ మూడో మాట దగ్గర ఆ అమ్మాయి తనే ఆగి, రేపు చేస్తానమ్మా అని పెట్టేసింది. ఆ రేపు రాలేదు, రెజీనమ్మ కూడా అడగలేదు. ఇంకొక పిల్ల చదువుతుంటే వెనక నుంచి ఎవరో అందిస్తున్నారు. "వెనకున్నది ఎవురమ్మా? మీ అమ్మా? ఆమె పెళ్లయిపోయింది, బయటికి పొమ్మను" అంది ఈమె. పెంచలప్రసాద్ చెప్పినట్టే చాలామంది పారిపోయారు. మిగిలినవాళ్లు తక్కువే గానీ, వాళ్లు కుదుర్చుకున్న సంబంధాలు గట్టిగా నిలబడ్డాయి. ఊళ్లో ఆ పేరు మెల్లగా పాకింది. రెజీనమ్మ అవునంటే పిల్ల అవునన్నట్టే అని మాట పడింది.

ఆ మాటే బెన్హర్ గారిని మా కాంప్లెక్సు మెట్లెక్కించింది.

బెన్హర్‌కు సముద్రం వైపు రొయ్యల చెరువులున్నాయి. సంఘ కమిటీలో ఆయన మాటకు ఎదురు లేదు. మా రెండు గదుల అద్దె చీటీల మీద సంతకం కూడా ఆయనదే. పెద్ద కూతురు ఫ్లోరా తడ దగ్గర కంపెనీల పార్కులో ఉద్యోగం చేస్తూ అక్కడే హాస్టల్లో ఉంటుంది. గూడూరులో నిమ్మకాయల వ్యాపారం చేసే ఒక పెద్ద కుటుంబంతో వియ్యం అందుకోవాలని ఆయనకు మనసు పుట్టింది. ఆ పిల్లవాడి తల్లి రెజీనమ్మ హాస్టల్లో చదువుకున్నదే. "మా వార్డెనమ్మ సైటులో పిల్ల నోటితో చెబితే, ఆ మర్నాడే వస్తాము" అని కబురు పెట్టింది. తాళం రెజీనమ్మ చేతిలో ఉందని అట్లా తెలిసింది ఆయనకు.

భార్య ఎస్తేరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు, ఆ వేళకు నేనూ రెజీనమ్మ గదిలోనే ఉన్నాను. ఆమె గుమ్మం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో ఒక అంచు మీద కూర్చుంది. రెజీనమ్మ "మంచినీళ్లు తాగతావా ఎస్తేరమ్మా?" అని అడిగింది. "ఆమెకొద్దులే" అన్నాడు బెన్హర్. ఎండలో వచ్చిన మనిషి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. నేనే గ్లాసు తెచ్చి చేతికిచ్చాను. ఒక్క గుక్కలో తాగేసి, గ్లాసు ఒళ్లో పెట్టుకుని మళ్లీ నేల చూపులు చూసింది.

"పిల్ల వివరాలన్నీ నేనే పెట్టినా. ఆ నాలుగు ముక్కలూ నేను చదివేస్తా, రాసుకో రెజీనమ్మా" అన్నాడు బెన్హర్.

"మీ పెళ్లయితే మీరు చదవండి బెన్హర్ గారూ."

"నేను తండ్రిని!"

"తండ్రినని నేనూ ఒప్పుకుంటా. పిల్లను చదవమనండి."

ఆయన మొహం ఎర్రబడింది గానీ, గూడూరు సంబంధం గుర్తొచ్చి తమాయించుకున్నాడు. అక్కడికక్కడే ఫ్లోరాకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టాడు. "అమ్మా, రెజీనమ్మ గారు పంపిన నాలుగు ముక్కలు ఉండాయే, అవి చదివి ఒప్పుకుంటున్నానని చెప్పు. తొందరగా కానీ" అన్నాడు. అవతల మిషన్ల హోరు వినబడింది. కాసేపటికి తగ్గింది, పిల్ల ఎక్కడికో పక్కకు వచ్చినట్టుంది. మొదటి మాట చదివింది. రెండోది చదివింది. "నన్ను ఎవరూ" అని ఆగింది.

"చదవమ్మా" అన్నాడు తండ్రి.

"రెజీనమ్మ గారూ, నేనొకటి ఒప్పుకోవాల" అంది ఫ్లోరా.

బెన్హర్ బల్ల మీద చెయ్యి చరిచాడు. "ఒప్పుకునింది! విన్నారా? ఒప్పుకునింది! వనజాక్షీ, నువ్వూ విన్నావు గదా?" మొహం వెలిగిపోతోంది. ఆ గొడవలో అవతలి మాట సగం కలిసిపోయింది. రెజీనమ్మ చెయ్యెత్తి ఆయన్ను ఆపింది. "నువ్వు చెప్పమ్మా, పూర్తిగా చెప్పు."

"నాకు ఈ పెళ్లి ఇష్టం లేదమ్మా. ఆ అబ్బాయి మాట్లాడినాడు నాతో. ఉద్యోగం మానేయాలన్నాడు. అది గాకపోయినా నాకు ఇష్టం లేదు. నాయినకు చెప్పే ధైర్యం లేక సరే సరే అంటా వచ్చినా. అది నా తప్పే. ఒప్పుకుంటుండా."

 బెన్హర్ ఫోను కట్ చేసి జేబులో వేసుకున్నాడు. తర్వాత మెత్తగా అన్నాడు, "చూడు రెజీనమ్మా, పిల్ల నోటి నుంచి ఆ మాటైతే వచ్చింది. ఒప్పుకోవాల అనింది. అంతవరకే గూడూరుకు చెప్పు. మిగతాది ఇంట్లో నేను చూసుకుంటా."

"ఇంట్లో మీరు చూసుకుంటారనే నా భయం" అంది రెజీనమ్మ. "ఆ పిల్ల పేజీ నేను తీసేస్తుండా. గూడూరుకు కుదరదని చెప్తా. ఎందుకని అడిగితే కారణం చెప్పను, అది నా షరతే."

బెన్హర్ లేచి బయటికి నడిచాడు. ఎస్తేరమ్మ ఆయన వెనకే లేచింది. గ్లాసు నా చేతికిస్తూ ఒక్కసారి నా మొహంలోకి చూసింది. 

సాయంత్రం బెన్హర్ నా షాపుకొచ్చాడు. వాళ్లలో పెళ్లికి ముందు ప్రధానం అని నిశ్చితార్థం చేస్తారు, ఆ కార్డులు కొట్టమన్నాడు. గూడూరు వాళ్లతో తానే మాట్లాడుకుంటానని, కార్డు చేతిలో పెడితే పిల్ల దారికొస్తుందని. నేను భయపడ్డాను, అబద్ధమెందుకు. మిషను రిపేరులో ఉందని నసిగాను. గోడ అవతల నుంచి గొంతు వినబడింది. "వనజా, రిపేరనొద్దు. కొట్టనని చెప్పు!" అంత గట్టిగా అన్నాక ఇంకేం చేస్తాను? "కొట్టనండీ" అన్నాను. అన్న తర్వాత నాకు ఒళ్లంతా తేలికైంది. అద్దె చీటీ మీద సంతకం చేసే మనిషి మొహం మీద ఆ మాట అనడంలో ఇంత హాయి ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. పాస్టరు మాథ్యూ అయ్యగారు మంచివాడు, ఎవరినీ నొప్పించలేడు, ఆ కారణంగానే ఎప్పుడూ గట్టిగా అరిచేవాళ్ల పక్కన తేలుతుంటాడు. రెజీనమ్మను పిలిచి, ఒక కుటుంబం పరువు విషయం కాబట్టి అందరి ముందూ ఒక్క మాట, తొందరపడ్డాను, నాది తప్పేనని ఒప్పుకుంటే ఇంతటితో పోతుందని చెప్పాడట. షరతులు కూడా తీసేసి, అన్ని సైట్ల మాదిరి టిక్కు పెట్టుకోమన్నాడట. లేదంటే గది ఖాళీ చేయాలి. నేను ఆ మతం దాన్ని కాను గానీ చర్చి గేటు దగ్గర నిలబడ్డాను. తలుపులు తెరిచే ఉన్నాయి.

"ఒప్పుకోను" అన్న మాట గేటు దాకా వచ్చింది.

తర్వాత మాటలు గేటు దాకానే కాదు, రోడ్డు అవతల టీకొట్టు దాకా కూడా వినబడి ఉంటాయి. "అయ్యగారూ, మీరు పెళ్లి జరిపించేటప్పుడు పిల్లనడగతారు గదా, ఈ మనిషిని భర్తగా తీసుకుంటావా అని. తండ్రి పలికితే ఊరుకుంటారా? ఊరుకోరు గదా. అప్పుడు పందిరేసి, బంధువులొచ్చి, కూర ఉడుకుతుండంగా అడిగితే ఏ పిల్ల కాదంటది? నేను ముందే అడగతుండా, అంతే నా తప్పు. గది మీది, తీసుకోండి. షరతులు నావి, తీయను. తప్పు చేయలేదు, ఒప్పుకోను."

నెల తిరిగేసరికి గది ఖాళీ చేయించారు. ఆమె బల్ల, కుర్చీ, ఫోను తెచ్చి నా షాపు ముందు భాగంలో వేసుకుంది. నన్నూ పొమ్మంటే ఇద్దరం కలిసి పోదాం అన్నాను. సంఘంలో సగం మంది సైటులో నుంచి పిల్లల పేర్లు తీయించేశారు. ఫోన్లు రోజుల తరబడి మోగేవి కావు. రెజీనమ్మ బల్ల మీద మోచేతులు ఆనించి రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. ఒకరోజు మాత్రం, "గది పోయిందని గాదు వనజా. ఆ పిల్ల ఏమైందో తెలీక నాకు అన్నం దిగడం లా" అంది. కళ్లు తుడుచుకోవడం కూడా దాచుకోలేదు.

ఆ భయం ఉత్త భయం కాదు. తల్లికి జబ్బుగా ఉందని కబురు పెట్టి బెన్హర్ ఫ్లోరాను తడ నుంచి ఇంటికి రప్పించాడు. వచ్చిన రోజే ఆ పిల్ల ఫోను మూగబోయింది. గూడూరు వాళ్లు వార్డెనమ్మ మాట మీద వెనక్కి తగ్గారు గానీ, ఆయన పట్టు వదల్లేదు. నెల్లూరులో ఇంకో సంబంధం చూస్తున్నాడని, ఈసారి సైటూ లేదు, అడగడమూ లేదు, వచ్చే వారంలో మాట ఇచ్చేస్తాడని కమిటీలో ఒకాయన నాకు చెప్పాడు. రెజీనమ్మ ఆటో ఎక్కి వాళ్లింటికి పోయింది. గేటు తీయలేదు. గేటు బయటే నిలబడి "ఫ్లోరా!" అని హాజరు పిలిచినట్టు పిలిచిందట. లోపల నుంచి ఎవరూ పలకలేదు. తిరిగొచ్చి నా షాపులో కూలబడి, "పలకనియ్యలేదు వనజా" అంది. ఆ గొంతులో నేను మొదటిసారి ఓటమి విన్నాను, నాకు దుఃఖం ఆగలేదు.

ఆ వారంలోనే, నేను ఎవరిదో గృహప్రవేశం కార్డు దిద్దుతుంటే, మిట్టమధ్యాహ్నం ఫోను మోగింది. తెలియని నంబరు. రెజీనమ్మ స్పీకరు నొక్కింది.

"కానా పందిరేనా? షరతులు చదవాల" అంది ఒక ఆడగొంతు. ఎక్కడా విన్న గొంతు కాదు.

"చదువుదువుగానీ, ముందు పేరు చెప్పమ్మా."

"ఎస్తేరమ్మ."

నా చేతిలో పెన్ను ఆగిపోయింది. రెజీనమ్మ ముందుకు వంగింది. "ఎస్తేరమ్మా, పెళ్లెవురికి?"

"ఎవురికీ గాదక్కా. నన్ను చదవనీ." చదవడం మొదలుపెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, కానీ బిగ్గరగా. ఈ వివరాలు నావే. ఇంకొకరి ఫొటో ఎవరికీ పంపను. మూడో మాట దగ్గరికొచ్చి ఆగింది. "ఈ మాట నేను చెప్పలేనక్కా. నన్ను బలవంతం జేసినారు. చదువుకుంటానని ఏడిచినా, అన్నం మానేసినా. మా నాయినా, ఈయనా కూర్చోని మాట్లాడుకున్నారు. నన్ను ఎవురూ అడగలా. పెళ్లిలో అయ్యగారు అడిగితే మా పెదమ్మ నా తల పట్టుకుని వంచింది, అదే సరిపోయింది అందరికీ. ఇన్నేళ్లకు చెప్తుండా. నేను ఒప్పుకోలా."

రెజీనమ్మ నా చేతిలోని పెన్ను తీసుకుని ఒక కాగితం ముందుకు లాక్కుంది. 

"ఫ్లోరాను పొద్దున రైలెక్కించినా" అంది ఎస్తేరమ్మ. "తడకు, ఉద్యోగానికి. బిడ్డ ఫోను బిడ్డకిచ్చేసినా. నెల్లూరోళ్లకు రావద్దని నేనే చెప్పినా. దానంతట అది నోరు తెరిచి చెప్పేదాకా నా ఇంట్లో ఎవురూ మాటియ్యరు. ఇది నా షరతు, నువ్వు రాసుకో."

"రాసుకుంటుండా తల్లీ" అంది రెజీనమ్మ. అని, ఏదో తట్టినట్టు ఉలిక్కిపడి గొంతు తగ్గించింది. "ఎస్తేరమ్మా, బెన్హర్ ఎక్కడికి పోయినాడు? ఆయన వచ్చేలోపల నువ్వు గూడా రైలెక్కెయ్. ఇంట్లో లేడు గదా?"

"ఉండాడక్కా, నా ఎదురుగానే కూర్చోనుండాడు" అంది ఎస్తేరమ్మ. "ఆయన వినాలనే పెద్దగా చదువుతుండా."